ముందు చెవి, తర్వాత నిఘంటువు

తెలుగు బడిలో పద్యం చెప్పడానికి స్థిరపడిపోయిన వరస ఒకటుంది. ఉపాధ్యాయుడు పద్యాన్ని ఒకసారి చదువుతాడు. ఆ వెంటనే ప్రతిపదార్థం, తాత్పర్యం, సంధులు, సమాసాలు, అలంకారం, గణవిభజన మొదలవుతాయి. పరీక్ష కూడా వీటినే అడుగుతుంది. పద్యం ఒక ముడి అనీ, విప్పితే తప్ప లోపలిది దొరకదనీ, పూర్తిగా అర్థమయ్యాకే ఆనందమనీ ఒక నమ్మకం ఈ వరసను నడిపిస్తోంది. ఆ నమ్మకం తప్పు. తెలుగువాళ్లు పద్యాన్ని ప్రేమించిన చరిత్ర దాన్ని ఒప్పుకోదు. అలంకారశాస్త్రమూ ఒప్పుకోదు.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకం ఊరూరా ఆడిన రోజుల్లో, పందిరి కింద కూర్చున్నవాళ్లలో ఎంతోమందికి అక్షరం రాదు. శార్దూలమేదో మత్తేభమేదో వాళ్లకు తెలియదు. అయినా నచ్చిన పద్యానికి ‘వన్స్ మోర్’ అని కేకలు వేసి మళ్లీ పాడించుకున్నారు. జాషువా శ్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర కాటి సీనులోకి చేరి, పుస్తకం ముట్టనివాళ్ల నోళ్లలో కూడా నిలిచాయి. కరుణశ్రీ పుష్పవిలాపం ఘంటసాల గొంతులో విని కంటతడి పెట్టినవాళ్లు సమాసాలకు విగ్రహవాక్యాలు చెప్పుకుని కంటతడి పెట్టలేదు. శతకాల సంగతీ అంతే. ఆటవెలదిలో వేమన, కందంలో సుమతి శతకం పసితనంలోనే నోటికి వచ్చేవి. వాటి అర్థం ఏ ముప్పయ్యో ఏటనో, ఒక అప్పు దగ్గరో, ఒక స్నేహం చెడినప్పుడో తెలిసివచ్చేది. అర్థం ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు. అది వచ్చేదాకా పద్యం మనసులో ఉండాలి. అలా నిలిపి ఉంచేది చెవి.

శాస్త్రం చెప్పేదీ ఇదే. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ధ్వన్యాలోకం రాసిన ఆనందవర్ధనుడు, కావ్యంలోని ధ్వని, అంటే మాటల వెనక స్ఫురించే అర్థం, వ్యాకరణమూ నిఘంటువూ తెలిసినంత మాత్రాన అందదని స్పష్టం చేశాడు. కావ్యతత్త్వం తెలిసినవాడికే అది అందుతుందన్నాడు. ఆ పరంపర అటువంటి చదువరికి పెట్టిన పేరు సహృదయుడు. అలంకారాల పేర్లు వల్లించగలిగినవాడికి ఆ పేరు పెట్టలేదు. ఆ శాస్త్రం పేరుతో నడిచే బోధన ఆ శాస్త్రం ఇచ్చిన మొదటి హెచ్చరికనే పక్కన పెట్టింది.

పద్యం పనిచేసే తీరు చూస్తే ఈ బోధన చేసే నష్టం ఇంకా తేటపడుతుంది. పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో గజేంద్రుడి మొర విని విష్ణువు వైకుంఠం నుంచి బయలుదేరే మత్తేభం తెలుగు నేల మీద అందరికీ తెలిసిన పద్యం. లక్ష్మికి ఒక మాట చెప్పకుండా, శంఖచక్రాలు అందుకోకుండా, ఉన్నవాడు ఉన్నట్టే కదిలిన తొందర అందులో ఉంది. ఆ తొందరంతా ఒకదాని వెంట ఒకటి తోసుకువచ్చే వ్యతిరేక క్రియల్లో, ఊపిరి తిప్పుకోనివ్వని నడకలో ఉంది. ప్రతిపదార్థం కోసం ప్రతి మాట పక్కనా సమానం గుర్తు పెట్టగానే ఆ పరుగు ఆగిపోతుంది. ఇక మిగిలేది దేవుడు ఏమేం చేయలేదో చెప్పే జాబితా. అది మత్తేభమనీ యతి పద్నాలుగో అక్షరమనీ రాస్తే మార్కులు వస్తాయి, తొందర మాత్రం రాదు. అదే పద్యాన్ని రాగయుక్తంగా నాలుగుసార్లు విన్న పిల్లవాడికి పద్నాలుగో అక్షరం దగ్గర మొదటి అక్షరం మళ్లీ పలకరించినట్టు దానంతటదే వినిపిస్తుంది. దానికి యతి అని పేరుందని ఆ తర్వాత చెబితే, ఆ పేరు అతడు అప్పటికే ఎరిగినదానికి పేరవుతుంది.

దీనికి మూడు ఆక్షేపణలు వస్తాయి. పాత మాటలు తెలియకుండా ఆనందమెక్కడిదన్నది మొదటిది. అర్థం అక్కర్లేదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. దారికి అడ్డంవచ్చే రెండు మూడు మాటలు చదువుతూనే చెప్పవచ్చు, మిగతావి సందర్భమే చెబుతుంది. వివరణలో ఈ మితం పాతవాళ్లు పాటించినదే. తెలుగు నేల మీద వ్యాఖ్యానానికి పెద్ద దిక్కు మెతుకు సీమ కొలిచారానికి చెందిన మల్లినాథసూరి. చెడ్డ వ్యాఖ్యల విషానికి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని బాధపడి, దాన్ని బతికించడానికే తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. మూలంలో లేనిదీ అవసరం లేనిదీ రాయనని నియమం పెట్టుకున్నాడు. వ్యాఖ్య కూడా కావ్యాన్ని చంపగలదని ఆయనకు తెలుసు.

విశ్లేషణ లేకపోతే మిగిలేది వట్టి ఇష్టాయిష్టాలేనన్నది రెండో ఆక్షేపణ. విశ్లేషణ విలువైనదే, కానీ అది ఇష్టం నుంచి పుట్టాలి. విశ్వనాథ సత్యనారాయణ అలాంటి ఇష్టంతోనే నన్నయ మీద, అల్లసాని పెద్దన మీద పుస్తకాలే రాశాడు. పద్యం ఎందుకంత బాగుందన్న ప్రశ్న పద్యం బాగుందని తోచినవాడికే పుడుతుంది. తోచకముందే జవాబు అందిస్తే, ఆ ప్రశ్న పిల్లవాడిలో ఎన్నటికీ పుట్టదు.

ఆనందాన్ని పరీక్షలో కొలవలేమన్నది మూడోది. అది పరీక్షకున్న పరిమితి, దాన్ని పద్యం మీద రుద్దడం అన్యాయం. పైగా పద్యాన్ని ఎక్కడ ఆపాలో, ఎక్కడ సాగదీయాలో తెలిసి చదవడం కొలవదగిన విద్యే. ఒక మాట తీసేసి దాని పర్యాయపదం పెడితే ఏం పోయిందో అడగవచ్చు. ఈ ప్రశ్నకు గైడులో జవాబు దొరకదు, పద్యం విన్నవాడే చెప్పగలడు.

కాబట్టి మారవలసింది బోధనలోని వరస. మొదట వినడం, తర్వాత గొంతెత్తి చదవడం, నోటికి వచ్చేదాకా చదవడం. ఆ పైన కఠినమైన మాటలు, భావం. ఛందస్సు, అలంకారం చివర, అవి చెవికి అప్పటికే తెలిశాక. వచన కవితకూ ఇదే వర్తిస్తుంది. కవి ఇచ్చిన సందేశమేమిటన్న ప్రశ్న కన్నా ముందు కవితను రెండుసార్లు పైకి చదవాలి. దీనికి కొత్త పాఠ్యపుస్తకం అక్కర్లేదు, ప్రతి పద్యం దగ్గరా మొదటి పది నిమిషాలు పద్యానికే వదిలితే చాలు.