నేను తియ్యని ఫోటో

మా ఇంట్లో నన్ను ‘కెమెరా తాతయ్య’ అంటారు. బరంపురం వాణ్ణి కదా, ఏటా చలికాలంలో చిలికా సరస్సుకు వచ్చే వలస పక్షుల్ని ఫోటోలు తీయడం నాకు పాత అలవాటు. 2024 జూన్‌లో న్యూకాజిల్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తే, నన్నూ మనవరాలినీ సముద్రపక్షుల ఫోటో యాత్రకు పంపాడు. మూడు రోజులు, వెంట ఒక గైడు.

ఇంగ్లండు ఈశాన్య తీరాన సీహౌసెస్ అనే చిన్న రేవు ఉంది. అక్కణ్ణుంచి పడవలో ఫార్న్ దీవులకు వెళ్ళాలి. పఫిన్లు గూళ్ళలో ఉండేది మే నుంచి జులై దాకా. తరవాత సముద్రం మీదికి వెళ్ళిపోతాయి. 2022లో బర్డ్ ఫ్లూతో వేలాది పక్షులు చనిపోతే దీవుల మీద జనాన్ని దిగనివ్వడం ఆపేశారు. ఇన్నర్ ఫార్న్ దీవిలో మళ్ళీ దిగనిచ్చింది 2024 మార్చిలోనే.

“టోపీ పెట్టుకోండి” అన్నాడు గైడు. ఎండే లేదు, టోపీ ఎందుకని నవ్వాను. దీవి మీద నాలుగడుగులు వేశానో లేదో, ఆర్కిటిక్ టెర్న్ వచ్చి నెత్తిన పొడిచింది! బాట పక్కనే దాని గూడు. బరువు చూస్తే వంద గ్రాములు; ఏటా అంటార్కిటికా దాకా వెళ్ళి తిరిగొచ్చే పక్షి అది.

నాకు కావలసింది మాత్రం ముక్కునిండా చేపలు పట్టుకున్న పఫిన్. బాట మీద కాచుకున్నాను. ఒకటి రానే వచ్చింది. వాలకుండా నా చుట్టూ తిరిగి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. నా అదృష్టమే అనుకున్నాను. గైడు భుజం తట్టి, “దాని బొరియ మీ వెనకే ఉంది. మీరు అడ్డంగా ఉన్నారు. ఆలస్యమైతే గల్ పక్షులు ఆ చేపలు లాక్కుంటాయి” అన్నాడు.

సిగ్గేసింది. పఫిన్ ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు. లోపల ఆ ఒక్క పిల్లా ఎదురుచూస్తూ ఉంటుంది. ఇద్దరం పది అడుగులు జరిగాం. పక్షి వాలడం, బొరియలో దూరడం రెప్పపాటులో అయిపోయాయి.

“తాతయ్యా, ఫోటో పోయిందే!”

“పోనీలేమ్మా, పిల్లకి అన్నం అందింది.”

చిలికాలో “ఇంకా దగ్గరికి పోనీ” అని పడవవాణ్ణి ఎన్నిసార్లు తొందరపెట్టానో! గుంపంతా లేచి ఎగిరితే మంచి ఫోటో అని మురిసిపోయేవాణ్ణి. అవి నాకు భయపడి ఎగిరాయన్న ఆలోచనే రాలేదు.

మీరూ పిల్లలతో మంగళాజోడికో మరెక్కడికో వెళ్తారు. పక్షి మీ చుట్టూ పదేపదే తిరుగుతుంటే, దాని గుమ్మంలో నిలబడ్డామేమో ఒక్కసారి వెనక్కి చూసుకోండి.