ఇంగ్లీష్ తప్పు మీద నవ్వే హక్కు ఎవరిది?

2025 జూన్‌లో కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఢిల్లీలో ఒక పుస్తకావిష్కరణ సభలో మాట్లాడుతూ, ఈ దేశంలో ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళు సిగ్గుపడే రోజు ఎంతో దూరంలో లేదన్నారు. అదే ఏడాది నవంబర్‌లో ప్రధాని మోదీ రామ్‌నాథ్ గోయెంకా ఉపన్యాసంలో, వచ్చే పదేళ్ళలో మెకాలే మనస్తత్వం నుంచి బయటపడాలని పిలుపునిచ్చారు. ఇంగ్లీష్ మాట్లాడి సిగ్గుపడటం మన పిల్లలకు కొత్తగా రాబోయే సంగతేమీ కాదు. సంక్షేమ హాస్టల్ నుంచి యూనివర్సిటీకి వచ్చిన విద్యార్థి సెమినార్‌లో లేచి ఒక్క వాక్యం మాట్లాడగానే వెనక వరసలో వినిపించే కిసుక్కుమనే నవ్వు ఎన్నో ఏళ్ళుగా ఆ పని చేస్తూనే ఉంది.

ఇంగ్లీష్ కావాలా వద్దా అన్న చర్చ మన వైపు నుంచి ఎప్పుడో తేలిపోయింది. 1854లో వచ్చిన తన కవితా సంపుటిలోనే సావిత్రిబాయి ఫూలే ఇంగ్లీష్ నేర్చుకోమని చెప్పింది. 2006 అక్టోబర్ 25న చంద్రభాన్ ప్రసాద్ ఢిల్లీలో మెకాలే పుట్టినరోజు పార్టీ చేశారు. 2010లో ఉత్తరప్రదేశ్‌లోని బంకా గ్రామంలో ఇంగ్లీష్ దేవతకు గుడి మొదలుపెట్టారు. ఆ తల్లికి నెత్తిన టోపీ, చేతిలో పెన్ను, కాళ్ళ కింద కంప్యూటర్. చూసి నవ్వినవాళ్ళు చాలామందే. అయితే ఆ విగ్రహంలో హాస్యం కావాలనే పెట్టిందని, దేవుళ్ళకూ దేశభాషలకూ హక్కుదారులం మేమేనని చెప్పుకునేవాళ్ళను ఉడికించడానికే అది తయారైందని నవ్వినవాళ్ళలో ఎంతమందికి తట్టిందో!

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జీవో 81తో సర్కారు బళ్ళన్నిటినీ ఇంగ్లీష్ మీడియం చేయబోతే 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23లో ఆ పని మొదలుపెట్టింది. మీడియం గొడవ మీద బోలెడు రాశారు, రాస్తున్నారు. ఎవరూ పట్టించుకోనిది ఆ పక్కనే ఉన్న ఇంకో విషయం. నేర్చుకునేవాడు తప్పు చేస్తాడు, తప్పు చేయకుండా ఏ భాషా రాదు. ఆ తప్పు చేసే స్వేచ్ఛ ఈ దేశంలో అందరికీ సమానంగా లేదు.

కన్యాశుల్కం గుర్తు చేసుకోండి. వెంకటేశం తల్లి ముచ్చటపడి ఇంగ్లీషులో మాట్లాడుకోమంటే గిరీశం, వెంకటేశం బడి పద్యాల ముక్కలూ, నోటికొచ్చిన మాటలూ కలిపి సంభాషణలా నడిపిస్తారు. వందేళ్ళకు పైగా తెలుగువాళ్ళు ఆ సీనుకు పడీపడీ నవ్వుతున్నారు. ఆ నవ్వు వల్ల గిరీశానికి పోయిందేమీ లేదు. ఆ వచ్చీరాని ఇంగ్లీషుతోనే అగ్రహారంలో తిండీ గౌరవమూ రెండూ సంపాదించాడు. గురజాడ ఎంత వెక్కిరించినా జనం గిరీశాన్ని ప్రేమించారు.

ఇప్పుడు కాకినాడ జిల్లా బెండపూడికి రండి. 2022లో అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్ పిల్లలు అమెరికన్ యాసలో గడగడా మాట్లాడిన వీడియోలు రాష్ట్రమంతా తిరిగాయి. ముఖ్యమంత్రి పిలిచి మాట్లాడారు. ఆ వెంటనే ట్రోలింగ్ మొదలైంది. వాళ్ళ యాస మీద, చేతులు తిప్పడం మీద, ముఖ కవళికల మీద మీమ్స్. ప్రభుత్వం పిల్లల్ని ప్రచారానికి వాడుకుందన్న విమర్శ చేయొచ్చు, అది వేరే చర్చ. విమర్శ ప్రభుత్వం మీదైతే మీమ్స్‌లో పిల్లల ముఖాలెందుకు? కార్పొరేట్ స్కూల్ యాన్యువల్ డే రోజున అదే యాసలో మాట్లాడే పిల్లను చూసి చప్పట్లు కొట్టే చేతులే ఇక్కడ మీమ్స్ ఫార్వర్డ్ చేశాయి. ఆ పిల్లలు తప్పు మాట్లాడారని కూడా కాదు, మాట్లాడటమే తప్పయింది.

అందుకే మన స్టడీ సర్కిళ్ళలో ఇంగ్లీష్ నేర్చుకునేటప్పుడు నవ్వును మన చేతిలోకి తీసుకోవాలంటాను. ఇదేమీ కొత్త పద్ధతి కాదు. జోతిరావు ఫూలే 1873లో గులాంగిరీ రాసినప్పుడు ధోండీబా అడుగుతుంటే తాను జవాబు చెబుతున్నట్టు నడిపించి, పురాణాల అవతారాలను ఒక్కొక్కటే ఎగతాళి చేస్తూ చరిత్ర పాఠం చెప్పాడు.

గ్రామర్‌తోనే మొదలుపెడదాం. 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' అని మనలో సగం మంది అంటాం. ఎందుకంటామో ఏ స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లోనూ చెప్పరు. తెలుగులో 'హ్యావ్' లాంటి క్రియ లేదు. 'నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు' అంటాం. ఆ 'ఉన్నారు'ను ఇంగ్లీషులో ఎక్కడ పెట్టాలో తెలియక 'హ్యావింగ్' దగ్గర పెడతాం. ఇంగ్లీషువాడు 'ఐ యామ్ హ్యావింగ్ లంచ్' అంటే భోంచేస్తున్నానని అర్థం. ఆ లెక్కన ఇద్దరన్నలనూ భోంచేస్తున్నామన్నమాట! ఇలా ఒకసారి నవ్వుకుంటే ఆ తప్పు మళ్ళీ చేయం. 'డిస్కస్ అబౌట్' కూడా అంతే, తెలుగులో 'గురించి' చర్చిస్తాం కాబట్టి 'అబౌట్' దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఇవి తెలివితక్కువ వల్ల వచ్చిన తప్పులు కావు, మన తల్లిభాష వ్యాకరణం చేసే పని. 'ప్రీపోన్' అనే మాటకు ఒకప్పుడు ఎగతాళి చేశారు. మనదేశం వాళ్ళు అంతా కలిసి ఆ తప్పు చేసేసరికి అది ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకి ఎక్కింది.

'ఎ', 'ది' తేడా తెలుగు పిల్లలకు బొత్తిగా ఎక్కదు, మనకు అవి లేవు కాబట్టి. వినేవాడికి ఏదో తెలియకపోతే 'ఎ', ఇద్దరికీ తెలిసిందైతే 'ది'. 'దేర్ ఈజ్ ఎ వెల్ ఇన్ అవర్ విలేజ్' అంటే ఊళ్ళో ఒక బావి ఉందని. 'వుయ్ వర్ నాట్ అలౌడ్ నియర్ ది వెల్' అన్నప్పుడు అది ఏ బావో ఊరందరికీ తెలుసు. ఏ గ్రామర్ పుస్తకమైనా ఇంత తొందరగా అర్థమయ్యే ఉదాహరణ ఇస్తుందా?

ఇక ప్యాసివ్ వాయిస్. పేపర్లో 'ఎ దళిత్ యూత్ వాజ్ అటాక్డ్' అని వస్తుంది. దీన్ని యాక్టివ్ వాయిస్‌లోకి మార్చమని అడగండి. మార్చలేం. కొట్టినవాడు వాక్యంలో లేడు. ఎవరు కొట్టారో ఊరికి తెలుసు, స్టేషన్‌కు తెలుసు, వాక్యానికి మాత్రం తెలియదు. తెలుగు పత్రికలు కూడా 'దాడి జరిగింది' అని ఇదే పని చేస్తాయి, వాన కురిసినట్టు. ప్యాసివ్ వాయిస్ ఎందుకు వాడతారో ఇకమీద విద్యార్థికి విడిగా చెప్పక్కర్లేదు.

కంపెనీల ఇంగ్లీష్ పూర్తిగా ఈ వాయిస్‌లోనే నడుస్తుంది. ఉద్యోగం పీకేస్తే 'యువర్ రోల్ హాజ్ బీన్ ఇంపాక్టెడ్' అంటారు. సగం మందిని పంపేస్తే 'రైట్‌సైజింగ్'. ఇప్పుడు జవాబు చెప్పడం ఇష్టం లేకపోతే 'లెట్స్ సర్కిల్ బ్యాక్'. ఈ మాటలు విని ఇంప్రెస్ అయిపోకుండా, ఒక్కోదాన్ని పల్లె తెలుగులోకి దించి చూడటం మంచి ఆట. 'లో హ్యాంగింగ్ ఫ్రూట్' అంటే చెయ్యి చాపితే అందే కాయ, అంతే.

అయితే ఈ ఆటకు ఓ హద్దుంది. మంచి ఇంగ్లీష్ వస్తే కులం పోతుందని చెబితే అది అబద్ధం. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ దేశంలోని ప్రైవేట్ కంపెనీల 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి చూశారు. అర్హతలు సమానం, భాష సమానం, పేర్లు వేరు. 2007లో అచ్చయిన ఆ అధ్యయనంలో, దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల హిందూ పేరున్నదానితో పోలిస్తే మూడింట రెండు వంతులే. అక్కడ ఎవరి గ్రామర్ లోనూ తప్పు లేదు. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ పరిసరాల కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడితే దాదాపు అందరూ ప్రతిభే ముఖ్యమన్నారు, దాంతోపాటే అభ్యర్థి 'ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్' చూస్తామనీ అన్నారు. కులం అడగకుండా కులం తెలుసుకునే పదాలు ఇంగ్లీషులో చాలానే ఉన్నాయి. కల్చర్ ఫిట్, పాలిష్డ్, నేటివ్ ప్లేస్, సర్‌నేమ్. అమెరికాలో మన తెలుగువాళ్ళ పార్టీల్లో 'ఆర్ యూ వెజ్?' అనేది కూడా ఎప్పుడూ వంట గురించిన ప్రశ్నే కాదు. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధించింది, కాలిఫోర్నియా బిల్లును అదే ఏడాది అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేశారు.

కాబట్టి హాస్టల్ గదుల్లో మాక్ ఇంటర్వ్యూలు పెట్టుకునేటప్పుడు 'టెల్ మీ అబౌట్ యువర్ ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్' అన్న ప్రశ్నను కచ్చితంగా పెట్టాలి. ఒకరు హెచ్‌ఆర్‌లా బిగుసుకుని కూర్చోవాలి, ఇంకొకరు జవాబివ్వాలి. అమ్మ ఉపాధి హామీ పనిలో మేటు అయితే ఆమె రోజూ ఇరవై ముప్పై మందికి హాజరు వేస్తుంది, కొలతలు చూస్తుంది, కూలి లెక్క తేడా వస్తే ఆఫీసర్‌తో పోట్లాడుతుంది. దీన్ని కంపెనీ ఇంగ్లీషులో చెబితే: 'మై మదర్ ఈజ్ ఎ టీమ్ లీడ్ ఇన్ ఫీల్డ్ ఆపరేషన్స్. అటెండెన్స్, మెజర్‌మెంట్ అండ్ గ్రీవెన్స్ రీడ్రెసల్ ఆర్ హర్ కోర్ రెస్పాన్సిబిలిటీస్.' గదంతా నవ్వుతుంది. ఆ నవ్వు ఆగాక మళ్ళీ చదివి చూడండి, ఒక్క మాట కూడా అబద్ధం కాదు. గ్రామర్ కూడా కరెక్టే.