జబ్బే లేదంటే సరిపోతుందా?

నికోలా యూన్ నవల 'ఎవ్రీథింగ్, ఎవ్రీథింగ్' (2015) చివరి మలుపును గత సంచికలో మీ సమీక్షకుడు ఆకాశానికెత్తారు. నాకు మింగుడుపడనిది ఆ మలుపే.

'స్కిడ్' అనే రోగనిరోధక లోపంతో ఇల్లు దాటకుండా పెరిగిన పద్దెనిమిదేళ్ల మ్యాడీకి అసలు ఆ జబ్బే లేదట! భర్తనూ కొడుకునూ ప్రమాదంలో పోగొట్టుకున్న డాక్టరు తల్లి, ఉన్న ఒక్క కూతురూ ఎక్కడ దూరమవుతుందోనని అలా నమ్మించిందట.

రహస్యం మీద నడిచే కథకు ఆధారం గట్టిగా ఉండొద్దూ? లింఫోసైట్ల లెక్క చూసే రక్తపరీక్షలతో స్కిడ్ బయటపడుతుంది. చికిత్స అందని పసిబిడ్డలు ఏడాది, రెండేళ్లు దాటడమే కష్టం. ఎముక మజ్జ మార్పిడితో ఈ జబ్బును నయం చేయడం 1968లోనే మొదలైంది. మరి లాస్ ఏంజెలెస్ లాంటి ఊళ్లో అన్నేళ్లు మరో డాక్టరును ఎవరూ అడగలేదంటే ఎలా నమ్మాలి?

అంతకన్నా బాధించింది ఇంకొకటి. మా అబ్బాయికి తలసేమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎడమచేతికి సూది, కుడిచేత్తో త్రికోణమితి లెక్కలు, పక్క మంచం అమ్మాయితో క్రికెట్ గొడవ. ఆ వార్డు పిల్లలకూ ఇష్టాలున్నాయి, అలకలున్నాయి. జబ్బుతోపాటే ఉన్నాయి. నవలలో మాత్రం మ్యాడీ ప్రేమ నిలవాలంటే ముందు జబ్బు మాయం కావాలి. మావాడు పుస్తకం మూసి, "నిజంగా జబ్బున్నవాళ్ల సంగతేంటమ్మా?" అన్నాడు. మీ సమీక్షలో దాని గురించి ఒక్క వాక్యమూ లేదు.

— కె. సుజాత, హనుమకొండ