శాలువలతో ముసలితనము గడచునా?

అక్టోబరు 1వ తేదీకి మన బళ్లారిలో రెండు అర్థములు గలవు. 1953లో ఆ దినముననే ఆంధ్ర రాష్ట్రము అవతరించినది, బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఐక్యరాజ్యసమితి 1990లో చేసిన తీర్మానము ననుసరించి అదే వృద్ధుల దినము. ఆనాడు పెద్దలకు శాలువలు కప్పుదుము. మరునాడు వారు ఆసుపత్రిలో ఏ గదికి పోవలెనో తెలియక నిలుచుందురు. ఇదియేనా గౌరవము?

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 20వ విభాగము ప్రభుత్వ వైద్యశాలలలో వృద్ధులకు ప్రత్యేకపు వరుస ఏర్పరుపవలెనని చెప్పుచున్నది. జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల వైద్యమున అనుభవముగల వైద్యాధికారి ఉండవలెననియు చెప్పుచున్నది. చట్టమున్నదని ఎరుగనివాడు దానిని ఎట్లడుగును?

గాంధీనగరులోని మన పెద్దలు కన్నడము ధారాళముగ మాటలాడుదురు గాని, చదువలేనివారు అనేకులు. చక్కెర వ్యాధికిచ్చు కొన్ని మందులు మ్రింగి భోజనము మానినచో స్పృహ తప్పు ప్రమాదము గలదు. అట్టి హెచ్చరిక తెలుగున లేకుండుట ప్రాణముమీదికి తెచ్చును. భాషాల్పసంఖ్యాకుల రక్షణలపై కేంద్రప్రభుత్వము 1956లో వెలువరించిన పత్రము, పురపాలక ప్రాంతమున వారు 15 నుండి 20 శాతమున్నచో ముఖ్య ప్రకటనలు వారి భాషలోను ముద్రించుట మేలని తెలిపినది.

“భాష తగవు 1953తోనే తీరెను గదా” యని కొందరందురు. తీరినది, సరిహద్దుపై మాకు పేచీ లేదు. కన్నడము మన యిరుగుపొరుగు భాష, మన మనుమల చదువు భాష. దాని ప్రక్కన నాలుగు తెలుగు పంక్తులు చేర్చినచో ఎవరి సొమ్ము పోవును?

“ముసలివారికి కృష్ణా రామా యనుకొనుట చాలదా” యని మరికొందరందురు. చాలదు. 65 ఏండ్లు దాటినవారు సైతము వారమునకు 150 నిమిషములకు తగ్గక నడక వంటి శ్రమ చేయవలెనని, మూడు దినములైన కాళ్ల బలమును నిలకడను పెంచు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. బళ్లారి యెండలో పగలు నడువ శక్యము కాదు. తెల్లవారుజామున, సందెవేళ నడువవలెనన్న వీధిదీపములు వెలుగవలెను, కాలిబాట ఖాళీగ నుండవలెను, కూర్చుండుటకు అరుగుండవలెను. గుంతలు పూడ్చక, కాలు విరిగిన పిమ్మట కర్మమనుట న్యాయమా?

మొదట మన సంఘమునే నిలదీయుచున్నాము. రాబోవు అక్టోబరు 1న శాలువల పైకముతో ఆ చట్టపు అంశములను తెలుగున అచ్చువేయించి ఇంటింటికి పంచవలెను. కన్నడము చదువనెరిగిన యువకులు వంతులవారీగ పెద్దలను ఆసుపత్రికి తోడ్కొని పోవలెను. బాటలకు, దీపములకు, తెలుగు పలకలకు మహానగర పాలికకు అర్జీ సమర్పించవలెను. దానిపై మొదటి సంతకములు పెద్దలవే కావలెను.