పాత్ర వేరు, పాత్రత వేరు

మా వీధిలో నాకన్న రెండేళ్ళు పెద్దవారైన మిత్రులొకరున్నారు. సాయంకాలం ఇద్దరం కలిసి కాలువగట్టు మీద నడుస్తాం. వారి మనుమరాలు ఇంజనీరింగు పూర్తిచేసి హైదరాబాదులో ఉద్యోగం సంపాదించుకొన్నది. చేరడానికి వారం రోజులున్నదనగా ఆయన సెల్‌ఫోను నా ముందు పెట్టి, ఎవరో పంపిన పాత వీడియో ఒకటి చూపించి, "చూశారా మాస్టారూ! సాక్షాత్తూ భీష్ముడే చెబుతున్నాడు. పిల్లను పంపమంటారా, మాన్పించమంటారా?" అని అడిగారు.

ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. అందుకే ఇది వ్రాస్తున్నాను.

ఆ 'భీష్ముడు' ముఖేష్ ఖన్నా గారు. బి.ఆర్. చోప్రా గారి 'మహాభారత్' దూరదర్శన్‌లో 1988 అక్టోబరు 2న మొదలై 1990 జూన్ దాకా 94 భాగాలుగా వచ్చింది. అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు పండితుణ్ణి. ఆదివారం ఉదయం ఊళ్ళో టీవీ ఉన్న ఇంటి వసారా నిండిపోయేది. నాకు వచ్చిన హిందీ రాష్ట్రభాషా పరీక్షల హిందీ. ఆ కాస్త పరిజ్ఞానంతోనే సంభాషణలను పక్కనున్న ముసలమ్మలకు తెలుగులో చెప్పేవాణ్ణి. ఖన్నా గారి గంభీరమైన కంఠం, నిటారైన నిలుకడ, తెల్లని గడ్డం చూసి వారు చేతులు జోడించేవారు. నేనూ జోడించాననే ఒప్పుకొంటాను. ఆయన నటన గొప్పది. అందులో నాకు వివాదం లేదు.

ఆ తరువాత 1997 నుండి 2005 వరకు 'శక్తిమాన్'గా పిల్లలను అలరించారు. కథ ముగిసిన పిమ్మట తెర మీదకు వచ్చి పిల్లలకు చిన్న చిన్న నీతులు చెప్పేవారు. అదీ మంచిదే. భారత బాలల చలనచిత్ర సమితికి అధ్యక్షులుగా ఉండి 2018లో రాజీనామా చేశారు. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో పాత మహాభారతాన్ని దూరదర్శన్ మళ్ళీ ప్రసారం చేసింది. కొత్త తరానికీ ఆయన భీష్ముడయ్యారు. ఇప్పుడాయన నటన కన్న వ్యాఖ్యానం ఎక్కువగా చేస్తున్నారు. దేశంలో జరిగే రాజకీయ, సామాజిక విషయాల మీద యూట్యూబ్‌లో తీర్పులు చెబుతున్నారు. ఆ చానలు పేరు 'భీష్మ్ ఇంటర్నేషనల్'.

నా అభ్యంతరమంతా ఆ పేరు దగ్గరే ఉన్నది.

తెలుగులో 'పాత్ర' అంటే నాటకంలో ధరించే వేషం. 'పాత్రత' అంటే అర్హత. మాటలు ఒకే మూలం నుండి వచ్చినవే గాని, ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది వచ్చి చేరదు. అభినయం ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలని నాట్యశాస్త్రం చెబుతుంది. తెర మీది భీష్ముడిలో ఆహార్యం దుస్తుల విభాగానిది. వాచికంలో కంఠం ఖన్నా గారిది, మాటలు రాహీ మాసూమ్ రజా గారివి. గంగాపుత్రుని నోట పలికిన ఆ సంభాషణలు గంగ ఒడ్డున ఉన్న గాజీపూర్ జిల్లాలో పుట్టిన ఒక మహమ్మదీయ రచయిత కలం నుండి వచ్చినవి. మనం చేతులు జోడించింది వ్యాసునికి, రజాకు, చోప్రాకు, నటునికి అందరికీ కలిపి. ఆ ఉమ్మడి ఆస్తిని నలుగురిలో ఒకరే తన పేర వ్రాయించుకొని, దాని మీద ఇష్టం వచ్చినట్లు రుక్కాలు వ్రాసి ఇస్తే చెల్లుతుందా?

ఇక ఆయన చెప్పిందేమిటో చూద్దాం. స్త్రీలు ఇల్లు విడిచి పనిచేయడం మొదలుపెట్టిన తరువాతనే 'మీటూ' సమస్య వచ్చిందని, ఇల్లు చూసుకోవడం స్త్రీ పని అని ఆయన అన్న వీడియో 2020 అక్టోబరులో దేశమంతా తిరిగింది. విమర్శలు వచ్చాక, తన మాటను వక్రీకరించారని, స్త్రీలు ఉద్యోగం చేయడానికి తాను వ్యతిరేకిని కానని వివరణ ఇచ్చారు. వివరణ ఇచ్చారు గాని, మా మిత్రుని సెల్‌ఫోనులోకి వివరణ రాలేదు, వీడియో ఒక్కటే వచ్చింది. 2022 ఆగస్టులో యువతుల గురించి అన్న మరో మాట మీద ఢిల్లీ మహిళా కమిషన్ పోలీసులకు నోటీసు పంపవలసి వచ్చింది.

భీష్ముని పేర మాట్లాడేవారిని భారతంతోనే కొలవాలి గనుక కొలుస్తాను. పాండవుల అజ్ఞాతవాసంలో ద్రౌపది ఏం చేసింది? విరాటుని అంతఃపురంలో సైరంధ్రిగా, అంటే నేటి మాటలో చెప్పాలంటే, ఉద్యోగంలో చేరింది. అక్కడ కీచకుడు ఆమె వెంటపడ్డాడు. ఆమె నిండుసభకు పరుగెత్తి మొరపెట్టుకొంటే ఆ సభలోనే తన్నాడు. రాజు నోరెత్తలేకపోయాడు. తిక్కన గారి విరాటపర్వం చదివిన వారికి నేను వేరే చెప్పనక్కరలేదు. ఈ కథ విని "సైరంధ్రి కొలువులో చేరడం వల్లనే కదా వచ్చింది" అన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. దోషం కీచకునిదని పల్లెటూరి అవ్వకు తెలుసు. భీముడు ఆమెను కొలువు మాన్పించలేదు, కీచకుణ్ణి చంపాడు.

అరణ్యపర్వంలో సత్యభామ అడిగితే ద్రౌపది ఏమన్నది? పాండవుల ఆదాయవ్యయాలు, కోశాగారం లెక్కలు తానే చూసేదాన్నని చెప్పింది. అది ఒక సామ్రాజ్యపు ఆర్థిక శాఖ! ఇంతెందుకు, మా కృష్ణా డెల్టాలో నాట్లు వేసింది, కలుపు తీసింది, కుప్పలు నూర్చింది ఎవరు? ఆడవాళ్ళు పనికి పోవడం నిన్న మొన్న మొదలైనదట! ఈ మాట చెప్పేవారు పొలంగట్టు ఎక్కినవారు కారు.

ఒక ఆక్షేపణ రావచ్చు. "నటులు రాజకీయాల్లోకి రాలేదా? వారిని ఎందుకు అడగరు?" అని. వచ్చారు. రామాయణ్‌లో సీత దీపికా చిఖలియా, రావణుడు అరవింద్ త్రివేది 1991లో లోక్‌సభకు గెలిచారు. మహాభారత్ కృష్ణుడు నితీశ్ భరద్వాజ్ 1996లోను, రామాయణ్ రాముడు అరుణ్ గోవిల్ 2024లోను గెలిచారు. మన రామారావు గారి సంగతి చెప్పనే అక్కరలేదు. 1962 నాటి 'భీష్మ'లో ఆయనే భీష్ముడు. 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ కృష్ణుడికి హారతులు పట్టిన జనమే 1989లో ఆయనను కల్వకుర్తిలో ఓడించారు. కిరీటం అడ్డం రాలేదు. ఎన్నికలో నిలిచినవాడు వేషం మీద బతకాలనుకొన్నా ఐదేళ్ళకొకసారి జనం ఆ వేషం విప్పి చూస్తారు. వ్యాఖ్యాతకు అటువంటి పరీక్ష లేదు. ఆయన మాట తప్పయితే ఓడించే పెట్టె ఎక్కడా లేదు. అందుకే వ్యాఖ్యాత మీద బరువు ఎక్కువ ఉండాలి, తక్కువ కాదు.

ఆయన మాట్లాడకూడదని నేననడం లేదు. వాక్స్వాతంత్ర్యం రాజ్యాంగం అందరికీ ఇచ్చింది, ఆయనకూ ఇచ్చింది, నాకూ ఇచ్చింది. కాని మన న్యాయశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను ఒప్పుకొన్నది. శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పేవాడు ఆప్తుడు కావాలి. ఆ విషయం ఎరిగినవాడై, ఉన్నది ఉన్నట్లు చెప్పేవాడే ఆప్తుడు. నటన గురించి, పిల్లల కార్యక్రమాల గురించి ఖన్నా గారు ఆప్తులే, విద్యార్థిలా కూర్చుని వింటాను. స్త్రీల ఉద్యోగాల గురించి, ప్రభుత్వాల గురించి ఆయన నాలాంటి ఒక పౌరుడు. సాక్ష్యం చూపించి మాట్లాడితే వింటాం. గడ్డం చూపించి మాట్లాడితే వినం.

ఇంకొక మాట. అసలు భీష్ముడైనా అన్నివేళలా ప్రమాణమా? ధర్మరాజు తనను తాను ఓడిన తరువాత నన్ను పణంగా పెట్టే అధికారం ఆయనకున్నదా అని సభలో ద్రౌపది సూటిగా అడిగితే, ధర్మం సూక్ష్మమైనదని చెప్పి తప్పుకొన్నవాడే ఆయన. అంపశయ్య మీద ఆయన ధర్మాలు చెబుతుంటే ద్రౌపది నవ్విందని, నాడు దుర్యోధనుని కూడు తిన్నందున నోరు పెగలలేదని ఆయన ఒప్పుకొన్నాడని మన పెద్దలు ఒక కథ చెబుతారు. ఆ కథలోని భీష్ముడికి తన తప్పు ఒప్పుకొనే పెద్దరికం ఉన్నది. భీష్మనామం కావాలనుకొన్నవారు ముందుగా పుచ్చుకోవలసినది ఆ పెద్దరికాన్ని.

మూడోనాటి సాయంకాలం ఇదంతా మిత్రునికి చెప్పాను. ఆయన చాలా దూరం మౌనంగా నడిచి, "అయితే భీష్ముని మాట వినవద్దంటారా మాస్టారూ?" అన్నారు.

"భీష్ముడు చెబితే తప్పక వినండి. ఆయన మీ మనుమరాలి ఉద్యోగం గురించి ఇంతవరకు ఏమీ చెప్పలేదు" అన్నాను.

పిల్ల సోమవారం ఉద్యోగంలో చేరింది. తాతగారే వెంట వెళ్ళి హాస్టలులో దింపి వచ్చారు.

స్వస్తి.