డోర్నకల్ బిషప్పును చదువుదాం

2024 క్రిస్మస్ నాటికి మెదక్ చర్చికి నూరేళ్ళు నిండాయి. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఆ చర్చిని కట్టించిన తీరు, కరువు రోజుల్లో ఆ పని ఎందరి కడుపు నింపిందో మన సిద్దిపేట చుట్టుపక్కల ఇవాళ్టికీ చెప్పుకుంటాం. అదే ఏడాది ఆగస్టు 17న ఇంకొకరు పుట్టి 150 ఏళ్ళయింది. ఆయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ చర్చిలో బిషప్పయిన తొలి భారతీయుడు. ఆయన పీఠం మద్రాసులోనో కలకత్తాలోనో కాదు, మన తెలంగాణలో, డోర్నకల్‌లో ఉండేది.

అజరయ్య తమిళుడు. తిరునెల్వేలి ప్రాంతపు నాడార్ కుటుంబంలో, పల్లె చర్చి గురువుకు పుట్టాడు. ఒకప్పుడు గుడి గడప తొక్కనివ్వని కులం అది. అవమానం ఎలా ఉంటుందో ఆ కులానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. విదేశీ డబ్బు మీద ఆధారపడకుండా, మనవాళ్ళ కానుకలతో, మనవాళ్ళ చేతులతోనే నడవాలని 1903లో తిరునెల్వేలిలో ఒక మిషనరీ సంఘం పుట్టింది. దాన్ని నిలబెట్టినవారిలో ఆయన ముఖ్యుడు. ఆ సంఘం పనికి ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలను. 1909లో ఆయనే కుటుంబంతో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడే స్థిరపడ్డాడు.

మరుసటి ఏడు ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం సభను కలవరపెట్టింది. తెల్ల మిషనరీల త్యాగాన్ని ఆయన తక్కువ చేయలేదు. కానీ వాళ్ళు భారతీయ సహచరులను సమానులుగా చూడటం లేదని, తమకు కావలసింది స్నేహమని ముఖం మీదే చెప్పాడు. అప్పటికి ఆయన వయసు 35. వలస పాలన నడినెత్తిన ఉన్న కాలంలో పాలకుల గడ్డ మీద నిలబడి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి!

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రల్‌లో ఆయన బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఒక నల్లవాడి కింద పనిచేయాలా అని గొణిగిన తెల్లవాళ్ళు లేకపోలేదు. ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా, అంటే 32 ఏళ్ళపాటు, సొంత డయోసీస్ ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్పు ఆయన ఒక్కడే. తలుపు తెరిచినట్టే తెరిచి ఒక్కరినే లోపలికి రానిచ్చారు.

ఆ ఒక్కడు చేసిన పని చూడండి. ఎడ్లబండి మీద, సైకిల్ మీద మాల, మాదిగ వాడలు తిరిగాడు. బడులు పెట్టించాడు. పల్లె ఉపదేశులను, గురువులను తయారుచేశాడు. ఆరాధనలో తెలుగు కీర్తనకు, మన పండుగల పద్ధతికి చోటిచ్చాడు. ఆయన చివరి రోజులకు డయోసీస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. చర్చిలో కులం ఉండకూడదని గట్టిగా పట్టుబట్టాడు. మాల, మాదిగల మధ్య గోడను మాత్రం పూర్తిగా పడగొట్టలేకపోయాడు. ఆ గోడ ఇంకా ఉందని మనందరికీ తెలుసు.

1930లలో మతమార్పిడి విషయంలో గాంధీజీకీ ఆయనకూ పొసగలేదు. వాడలవాళ్ళు తెలియక మతం మారుతున్నారన్న వాదనను అజరయ్య ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఆ తగవులో న్యాయం ఆయన పక్షాన ఉంది. తన దేవుణ్ణి తాను ఎంచుకోగల బుద్ధి అంటరానివాడికీ ఉందని నమ్మినవాడాయన. అదే మనిషి క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నాడు. చర్చి ఓట్ల గుంపుగా మారకూడదని ఆయన పట్టు.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. అందులో హిందూ ఆలయ శిల్పం, ముస్లిం కట్టడాల తీరు, క్రైస్తవ ఆరాధన ఒక్కచోట కలిశాయి. ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు ఒకటి కావాలన్నది ఆయన మరో కోరిక. 1919లో తరంగంబాడిలో మొదలైన ఆ ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. దాన్ని చూడటానికి ఆయన లేడు. మెథడిస్టులు నాటిన మెదక్ ప్రాంతపు చర్చిలూ ఆ ఐక్యతతోనే డోర్నకల్‌తో ఒకే సంఘంలోకి వచ్చాయి.

సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ 2000లో ఆయన జీవితాన్ని ఇంగ్లీషులో పెద్ద గ్రంథంగా రాశారు. మన సాహిత్య చరిత్రలు మాత్రం ఆయన్ని చర్చి చరిత్రకే వదిలేశాయి. దళిత వాడల్లో అక్షరం ఎలా అడుగుపెట్టిందో రాయాలంటే ఆయన లేకుండా కుదరదు. తాతలు, నాయనమ్మలు చెప్పిన మిషన్ బడి జ్ఞాపకాలు, పాత కీర్తనల పుస్తకాలు, ఉపదేశుల ఉత్తరాలు మీ ఇళ్ళల్లో ఉంటే మాకు రాసి పంపండి. అచ్చువేస్తాం.