కాచిన నీరు సరే, నేల మాటేమిటి?

నీరు కాచి త్రాగితే చాలునా అని నిజామాబాదు గృహిణులు నన్ను తరచుగా అడుగుతుంటారు. క్రిముల మట్టుకు చాలును. బాగుగా మరిగిన నీరు అతిసారాన్ని, కామెర్లను దూరముంచుతుంది. వర్షర్తువులో కాచి చల్లార్చిన నీరే పథ్యమని మా గురువులు నేర్పినదీ ఇందుకే. కాని బోరు నీటిలో కరిగియున్న నైట్రేటు, ఫ్లోరైడు కాచినంత మాత్రాన పోవు. నీరు ఆవిరై తగ్గినకొలదీ వాటి గాఢత పెరుగుతుంది. అట్టి నీటిలో పాలపొడి కలిపి పసిబిడ్డకు పట్టడం ప్రమాదకరం. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. ఈ సంగతి ఎందరు తల్లులకు తెలుసు?

ఆకాశం నుండి పడే నీరు ఒక్కటే, పడిన నేలను బట్టి దాని గుణం మారుతుందని చరకుని మతం. జలచక్రంలో వైద్యునికి ముఖ్యమైన ఘట్టం ఇదే. సూర్యుడు సముద్రజలాన్ని ఆవిరిగా గ్రహించునప్పుడు ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. దోషమంతా తరువాత చేరేదే. (తొలకరి మొదటి జల్లును మాత్రం శాస్త్రం నిషేధించింది. గాలిలోని ధూళిని కడిగి తెచ్చేది అదే గదా!)

ఈ చక్రం మన కళ్ళ ముందే తిరుగుతున్నది. బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీర నిజాంసాగర్‌లో ఆగి, కందకుర్తి వద్ద గోదావరిలో కలిసి, బంగాళాఖాతం చేరుతుంది. ఆ సముద్రంలో ఏర్పడిన అల్పపీడనాలే మరల మనపై వర్షిస్తాయి. 1931లో పూర్తయిన ఆ జలాశయం అండతో బోధను ప్రాంతం చెరకుతో నిండింది. 1937లో నెలకొల్పిన శక్కర్‌నగర్ కర్మాగారం 2015లో మూతపడింది. చెరకు ఏడాది పొడవునా నీరు త్రాగి, అందులో అధికభాగం ఆకుల ద్వారా ఆకాశానికే తిరిగి ఇచ్చేది. పొలంలో ఇంకిన కాలువ నీరు బావులకు చేరేది. ఇప్పుడు వరి విస్తరించింది. కాలువ అందని చోట బోర్లు లోతుకు దిగాయి. పైరు గ్రహించని యూరియా నైట్రేటుగా మారి భూగర్భానికి దిగుతుంది. రాతిపొరలలో చిరకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరుగుతుంది. దాని ఫలితమేమిటో నల్లగొండ జిల్లాలో వంగిపోయిన ఎముకలు చెప్పాయి.

పట్టణ గృహస్థులు పెరడంతా సిమెంటు చేయించి, వేలు పోసి నీటి శుద్ధి యంత్రం కొంటున్నారు. నైట్రేటు తేలిన ఇంట అది అవసరమే, కాదనను. కాని బిందెడు మంచినీటికి రెండు మూడు బిందెలు మోరీపాలు చేయడం నాకు మింగుడుపడదు. మన జిల్లాలో ఏటా సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన. నూరు చదరపు మీటర్ల మిద్దెపై పడేది దాదాపు లక్ష లీటర్లు! అదంతా వీధిలోకి పోతున్నది.

చిల్లగింజ అరగదీసి కలిపితే బురద తేరుకుంటుంది, నైట్రేటు తీరదు. కనుక మొదట బోరు నీటిని పరీక్షాశాలకు పంపండి. పిదప మిద్దె నీరు దిగే చోట, మరుగుదొడ్డి గుంతకు ఎడంగా, కంకర, ఇసుక నింపిన ఇంకుడుగుంత త్రవ్వించండి. తొలి జల్లును మాత్రం బయటికి వదిలివేయండి.